బందీకి "వస్తారు" అన్న నమ్మకం: నడిమి అధ్యాయాల్లో చప్పబడకుండా ఎలా?

చిత్తుప్రతి (ప్రశ్న; ఇక్కడి శీర్షికలన్నీ రాసినవారి కలం పేర్లు)

నవల 22 అధ్యాయాలు. నాలుగో అధ్యాయంలో ఒక డాక్టరును డబ్బు కోసం ఎత్తుకుపోతారు, పందొమ్మిదిలో ఆమె బయటపడుతుంది. కథలో గడిచేది 40 రోజులు. ఆమెను ఉంచిన గదిలో నడిచే అధ్యాయాలు ఏడు. మిగతావి ఆమెను వెతుకుతున్న అన్నవి.

ఇబ్బందంతా ఆ ఏడింటితోనే. ప్రతిదాంట్లోనూ "అన్నయ్య వస్తాడు" అనుకుంటుంది, కాసేపటికి "రాడేమో" అని కుంగుతుంది, మళ్ళీ తేరుకుంటుంది. ఆరో అధ్యాయాన్ని పన్నెండో అధ్యాయం చోట పెట్టి చదివినా అతికినట్టే ఉంటుంది. అంటే కథ కదలడం లేదన్నమాట.

తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి. నమ్మకాన్నీ అనుమానాన్నీ మనసులో మాటలుగా కాకుండా ఎలా చూపించాలి? అన్న దగ్గరికొస్తున్నాడని పాఠకుడికి ముందే తెలిసిపోతుంటే ఆమె అనుమానానికి బరువుంటుందా? చివర్లో తలుపు తెరుచుకున్న క్షణంలో ఆమె ఏం చేయాలి? ఇప్పటి ప్రతిలో పరుగెత్తుకెళ్ళి అన్నను వాటేసుకుంటుంది. అదెందుకో నిజమనిపించడం లేదు.

శింశుప

అధ్యాయాలు అటూ ఇటూ మార్చినా అతికిపోతున్నాయంటే ఆమె ఏడుసార్లూ ఒకే ప్రశ్న వేసుకుంటోందని అర్థం. "వస్తాడా, రాడా" అన్నదాన్ని విడదీస్తే అయిదు ప్రశ్నలున్నాయి. మనిషి బతికే ఉన్నాడా? నేనెక్కడున్నానో తెలుసా? తెలిసినా నా కోసం రావాలని ఉందా? ఉన్నా ఇక్కడిదాకా రాగలడా? రాగలిగినా నా ప్రాణం ఉండగా వస్తాడా? ఒకదానికి జవాబు దొరికితే అనుమానం పోదు, తర్వాతి ప్రశ్న మీదికి జరుగుతుంది. మీ కథలో కదలాల్సింది అదే.

ఈ పని వాల్మీకి సుందరకాండలో ఎంత పకడ్బందీగా జరిగిందో చూడాలంటే 26వ సర్గ నుంచి నెమ్మదిగా చదవండి. సీత ఊరికే ఏడవదు, లెక్క వేస్తుంది. నన్ను ఎత్తుకుపోయారని చెప్పగలిగినవాడు జటాయువు, అతన్నేమో రావణుడు పడగొట్టాడు, ఇక రాముడికి కబురెలా అందుతుంది? లేడి రూపంలో వచ్చినవాడు అన్నదమ్ములిద్దర్నీ చంపేశాడేమో. కంటికి కనిపించని మనిషి మీద ప్రేమ నిలుస్తుందా? వనవాసం ముగించుకుని వెళ్ళి వేరే స్త్రీలతో సుఖంగా ఉంటాడేమో. బతికున్నాడా, తెలుసా, కావాలా, మూడూ వచ్చేశాయి. విషమిచ్చే దిక్కు కూడా లేదనుకుని, జడతో ఉరిపోసుకోవడానికి శింశుపా వృక్షం కొమ్మ పట్టుకునేదాకా ఆ లెక్క ఆమెను తీసుకెళ్తుంది.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. జటాయువు ప్రాణం పోయేలోపు రాముడితో చెప్పాడని మనకు అప్పటికే తెలుసు. ఆకాశంలో పోతూ ఆమె కొండ మీది అయిదుగురు వానరుల మధ్యకు జారవిడిచిన నగలు రాముడి చేతికి అందాయనీ తెలుసు. హనుమంతుడు చెట్టు మీద కూర్చుని వింటున్నాడనీ తెలుసు. తెలిసినందువల్ల ఆమె అనుమానం తేలికైందా? ఇంకా బరువెక్కింది. ఆమె తర్కంలో తప్పు లేదు, ఆమె చేతిలో ఒక్క సంగతి లేదంతే. మీరూ అన్న అధ్యాయంలో ఒక సంగతి పాఠకుడి చేతికివ్వండి. వెంటనే వచ్చే ఆమె అధ్యాయంలో ఆ సంగతి తెలియకపోవడం వల్లే ఆమె ఒక తప్పు నిర్ణయం తీసుకోవాలి. కుంగిపోవడం చాలదు, నిర్ణయం కావాలి.

దూత వచ్చాక ఏం జరుగుతుందో అది ఇంకా గొప్ప. సంస్కృతంలో మాట్లాడితే రావణుడనుకుని బెదురుతుందేమోనని హనుమంతుడు ముందే ఆలోచిస్తాడు. ఆమె మొదట కలేమో అనుకుంటుంది. నిద్రే లేనిదానికి కలెక్కడిదని తనే కొట్టేస్తుంది. తర్వాత ఇతను వేషం మార్చుకున్న రావణుడేమో అంటుంది. సన్యాసి వేషంతో ఒకసారి మోసపోయిన మనిషి మరి. రాముడి గుర్తులు చెప్పమంటుంది, అవన్నీ చెప్పాకే ఉంగరం. వెళ్ళేటప్పుడు ఆమె చూడామణి ఇస్తుంది, దానితోపాటు తనకూ రాముడికీ మాత్రమే తెలిసిన కాకి కథ చెప్పి పంపుతుంది. వస్తువును ఎవడైనా దొంగిలించగలడు, ఇద్దరికే తెలిసిన జ్ఞాపకాన్ని దొంగిలించలేడు. మీ కథలో గుర్తు పెట్టేటప్పుడు ఈ తేడా చూసుకోండి.

ఇంత రుజువు దొరికాక కూడా ఆమె అడుగుతుంది: ఈ సముద్రం దాటగలిగేది గరుత్మంతుడు, వాయువు, నువ్వు, ముగ్గురే కదా, మిగతా సైన్యం ఎలా వస్తుంది? అది నాలుగో ప్రశ్న. రావణుడి గడువు ఇంకా రెండు నెలలుంది, కానీ తను నెలకు మించి బతకనని చెప్పి పంపుతుంది. అది అయిదోది. శత్రువు పెట్టిన గడువు ఒకటి, బందీ తనకు తాను పెట్టుకున్న గడువు ఇంకొకటి. మీ డాక్టరుకు ఆ రెండోది ఉందా?

ఏడు అధ్యాయాలకు ఈ అయిదు ప్రశ్నలనూ సమానంగా పంచమని కాదు. మూడో ప్రశ్నకు, అంటే "నేను కావాలా" అన్నదానికి, రెండు మూడు అధ్యాయాలు ఇచ్చినా తక్కువే. మొదటి రెండూ ఒకే అధ్యాయంలో తేల్చేయొచ్చు.

గంటలగది

నమ్మకాన్ని చేతిపనిగా చూపించండి. వస్తారని నమ్మినన్నాళ్ళు మనిషి దాచుకుంటుంది, నమ్మకం పోయాక దాచడం మానేస్తుంది. ఒక్క వస్తువు ఎంచుకుని ఏడు అధ్యాయాలూ నడపండి. రోజుకో సీసా నీళ్ళు ఇస్తారనుకుందాం. మొదట్లో సగం తాగి సగం ఉంచుతుంది, రేపు వాళ్ళు మర్చిపోతే ఎలా అని. కొన్నాళ్ళకు ఆ మిగిలిన సగంలోంచి కాసిని తీసి మొహం కడుక్కుంటుంది, ఎవరైనా వస్తే చూసేలా ఉండాలని. పదిహేనో రోజుకి మొహం కడుక్కోవడం ఆగిపోతుంది, నీళ్ళు మొత్తం తాగేస్తుంది. ఇరవై ఎనిమిదో రోజున సీసా మూత కూడా తీయదు. "ఇక రారు" అన్న మాట మీరు ఎక్కడా రాయక్కర్లేదు.

రోజుల లెక్క దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు. కిటికీ లేని గదిలో ఉన్న మనిషి గోడ మీద సరిగ్గా 40 గీతలు గీస్తుంది! కుదరదు. 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గడియారం లేకుండా రెండు నెలల దాకా భూగర్భ గుహలో ఉన్నాడు. సెప్టెంబర్ 14న పైకి తీసుకొచ్చేసరికి అతని లెక్కలో అది ఆగస్టు 20. 25 రోజులు ఎక్కడికో పోయాయి. ఎంతసేపు మేలుకున్నామో, ఎంతసేపు పడుకున్నామో తెలియదు, గడిచిన కాలం తక్కువే అనిపిస్తుంది, అందుకే లెక్క వెనకబడుతుంది. మీ కథలో నిజంగా 40వ రోజు వచ్చేసరికి గోడ మీద 27 గీతలుంటే నమ్మొచ్చు.

ఈ తేడాను అలంకారంగా వదిలేయకండి, కథకు పని చేయించండి. ఎత్తుకుపోయినవాళ్ళు 30 రోజుల గడువు పెట్టారనుకోండి. 33వ రోజున ఆమె బతికే ఉందంటే బేరం ఇంకా నడుస్తోందని అన్నకు ధైర్యం. ఆమె లెక్కలో మాత్రం అది 22వ రోజు, గడువు ముందుంది, భయమంతా మిగిలే ఉంది. ఒకే రోజు ఆయనకు ఊరట, ఆమెకు గండం. పక్కపక్క అధ్యాయాలుగా పెడితే ఏ వ్యాఖ్యానం లేకుండానే పాఠకుడి గుండె పట్టేస్తుంది.

ఆమె డాక్టరు కాబట్టి నాడి పట్టుకుని నిమిషాలు లెక్కపెట్టాలనుకోవడం సహజం. తన నాడి నిమిషానికి 72 అని తెలుసు గనక 72 కొట్టుకోగానే నిమిషం అనుకుంటుంది. అడుగుల చప్పుడు వినిపిస్తే అది 110కి పోతుంది, అంటే భయపడ్డప్పుడల్లా ఆమె గడియారం ముందుకు పరుగెడుతుంది. ఆ సంగతి డాక్టరుకు తెలుసు, అందుకని ఆ లెక్క తీసేసి మళ్ళీ మొదలుపెడుతుంది. ఇలాంటి చోట ఆగి, ఒక పేరా ఎక్కువ ఇవ్వండి.

ఇంకొకటి, తేదీకి ముడిపడ్డ నమ్మకం చాలా ప్రమాదకరం. నాజీ శిబిరంలో తోటి ఖైదీ ఒకరికి 1945 మార్చి 30న విముక్తి అని కల వచ్చిందని, ఆ శిబిరాల్లోంచి బతికి బయటపడ్డ మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ రాశాడు. ఆ తేదీ దగ్గరపడ్డా విముక్తి జాడ లేదు. 29న జ్వరం, 30న స్పృహ తప్పడం, 31న చావు. పైకి చూస్తే కారణం టైఫస్. వియత్నాంలో ఏడేళ్ళకు పైగా బందీగా ఉన్న అమెరికన్ నౌకాదళ అధికారి జేమ్స్ స్టాక్‌డేల్ కూడా అదే చెప్పాడు: క్రిస్మస్‌కల్లా వెళ్ళిపోతాం, ఈస్టర్‌కల్లా వెళ్ళిపోతాం అనుకున్నవాళ్ళే ముందు కూలిపోయారని. మీ డాక్టరు చేత ఒక తేదీ అనిపించండి. పదకొండో అధ్యాయంలో అనిపిస్తే పద్నాలుగో అధ్యాయంలో అది రావాలి, దాటిపోవాలి.

ఎదురుమాట

పైవన్నీ బాగున్నాయి గానీ ఇద్దరూ ఒకటి వదిలేశారు. కోపం. నమ్మకానికీ నిరాశకూ మధ్య బందీ ఎక్కువ కాలం ఉండేది కోపంలోనే. అది కాపలావాళ్ళ మీద కోపం కాదు, రానివాడి మీద.

మనకు రామదాసు ఉన్నాడు. గోల్కొండ చెరలో ఉండి ఆయన పాడిన కీర్తనల్లో ఒక్క మనిషే ఎన్ని మెట్లు దిగి ఎక్కుతాడో చూడండి. ఒకచోట ప్రాధేయపడతాడు. ఇంకోచోట ఎవరికి ఏ నగ చేయించిందీ, దానికెంత పట్టిందీ లెక్క చెప్పి నిలదీస్తాడు, తిట్టేస్తాడు. ఆ వెంటనే, దెబ్బలకోర్వలేక తిట్టాను, మనసులో పెట్టుకోవద్దంటాడు. నేరుగా అడిగి లాభం లేదనుకున్నప్పుడు సీతమ్మను చెప్పి చూడమంటాడు. నమ్మకం పోయినవాడు తిట్టడు. తిట్టడానికి అవతల వినేవాడొకడు ఉండాలి. అందుకే ఆ తిట్టులోనే నమ్మకం అన్నిటికంటే గట్టిగా వినిపిస్తుంది.

మీ డాక్టరుకూ అన్నకూ మధ్య పాత బాకీలుంటాయి. ఆయన చదువు కోసం తను ఏం వదులుకుందో, తండ్రి జబ్బుపడ్డప్పుడు ఎవరెన్ని రాత్రులు మేలుకున్నారో. చీకట్లో ఆమె ఆ పద్దు తీసి ఒక్కో అంకె చదవాలి. శింశుప గారు చెప్పిన మూడో ప్రశ్నను ఏడుపుతో కాక ఈ పద్దుతో నడపండి. పద్దులో ఒక అంకె ఆమె తప్పుగా గుర్తుపెట్టుకున్నదని అన్న అధ్యాయంలో పాఠకుడికి తెలిస్తే ఇంకా మంచిది.

చిత్తుప్రతి

ముగ్గురికీ కృతజ్ఞతలు. సీసా, పద్దు రెండూ తీసుకుంటున్నాను. ఇంకో రెండు సంగతులు ముందే చెప్పాల్సింది. పక్క గదిలో ఇంకో బందీ ఉన్నాడు, మొహం చూడలేదు, మధ్యలో గోడ. పదమూడో అధ్యాయంలో కాపలావాళ్ళు ఆమెకు అన్న చనిపోయినట్టు ఒక దొంగ వీడియో చూపిస్తారు. ఈ రెండూ ఎలా వాడాలి?

గోడచప్పుడు

గోడ మీద తట్టి మాట్లాడుకోవడం నిజంగా జరిగిన పనే. 1965 నుంచి హనోయ్‌లోని అమెరికన్ ఖైదీలు అయిదు వరుసలు, అయిదు నిలువుల గడిలో 25 అక్షరాలు పెట్టుకున్నారు (కె తీసేసి సి వాడారు). మొదటి తట్లు వరుస, తర్వాతి తట్లు నిలువు.

తెలుగులో రాసేటప్పుడు ఆ గడిని అలాగే దించకండి, మన వర్ణమాల ఇంకా బాగా ఒదుగుతుంది. క నుంచి మ వరకు వర్గాక్షరాలు సరిగ్గా 25. క వర్గం మొదటి వరుస, చ వర్గం రెండోది, ట, త, ప వర్గాలు మూడు, నాలుగు, అయిదు. ఆరో వరుసలో య, ర, ల, వ, శ. ఏడోదాంట్లో ష, స, హ, ళ. బడిలో వల్లెవేసిన క్రమమే కాబట్టి గోడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరూ ముందు మాట్లాడుకోకపోయినా ఊహించి పట్టుకోగలరు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎక్కువ విరామం, వరుసకూ నిలువుకూ మధ్య తక్కువ విరామం.

గుణింతాలు తట్టడానికి ఓపిక ఉండదు, హల్లులే తడతారు. తేడా వచ్చేదీ అక్కడే. పక్క గదివాడు ఒక రాత్రి తడతాడు: రెండు, ఒకటి. ఆరు, రెండు. ఆరు, రెండు. మొత్తం 19 తట్లు. చ, ర, ర. "చేరారు" అన్నాడా, "చేరరు" అన్నాడా? రెండింటికీ తట్లు ఒకటే. మళ్ళీ అడుగుదామంటే వరండాలో అడుగులు. ఒక అధ్యాయం మొత్తం ఆ ఒక్క దీర్ఘం మీద నిలబెట్టొచ్చు. ఆమె ఆ రోజు ఏది నమ్మిందో సీసా చూసి పాఠకుడికి తెలియాలి.

శింశుప

దొంగ వీడియో గురించి. యుద్ధకాండలో ఈ ఎత్తు ఉంది. రావణుడు విద్యుజ్జిహ్వుడి చేత రాముడి తలను మాయగా చేయించి సీత ముందు పెట్టిస్తాడు, ఆమె నమ్మేస్తుంది. అది మాయ అని సరమ చెప్పాల్సి వస్తుంది. తర్వాత నాగాస్త్రాలకు పడిపోయిన అన్నదమ్ముల్ని పుష్పకంలో తీసుకెళ్ళి చూపిస్తారు. అది మాయ కాదు, వాళ్ళు నిజంగానే పడి ఉన్నారు, సీత చూసింది నిజమే. కానీ అదే దృశ్యంలో త్రిజట వేరే సంగతులు చూస్తుంది: మొహాల్లో కళ తగ్గలేదు, నాయకుడు పోయిన సైన్యం చెల్లాచెదురవుతుంది, ఇదేమో కాపలా కాస్తోంది, భర్త పోయిన స్త్రీని ఈ విమానం మోయదు.

ఇందులో మీకు పనికొచ్చేది త్రిజట చూపు. వీడియో దొంగదని ఇంకెవరో వచ్చి చెప్పడం బలహీనం. డాక్టరు తనే పట్టుకోవాలి, అదీ వెంటనే కాదు. మొదటిసారి అన్నను చూస్తుంది, కూలిపోతుంది. రెండు రోజుల తర్వాత, గుర్తు చేసుకుంటున్నప్పుడు, శవంగా చూపించిన మనిషి మెడ పక్కన చర్మం కొట్టుకోవడం తట్టాలి. నాడి చూసే కళ్ళు అవి. ఆమె వృత్తి ఆమెకు ఇచ్చే రుజువు కాబట్టి పాఠకుడు కాదనలేడు.

గడపదాటు

తలుపు తెరుచుకునే క్షణం గురించి ఎవరూ మాట్లాడలేదు. వాటేసుకోవడం మీకు నిజమనిపించకపోవడానికి కారణముంది. బందీకి ఆ క్షణం విడుదలలా కనిపించదు, దాడిలా కనిపిస్తుంది.

1973 ఆగస్టులో స్టాక్‌హోమ్ బ్యాంకులో ఆరు రోజులు బందీలుగా ఉన్నవాళ్ళలో ఒకరు ప్రధానమంత్రితో ఫోన్‌లో మాట్లాడుతూ, దొంగల కంటే పోలీసులు లోపలికి రావడమే భయంగా ఉందన్నారు. అందరూ దాన్ని బందీల మనసు వక్రించడం అంటారు. నిజానికి అది మామూలు లెక్కే: గది చిన్నది, తుపాకులు ఎక్కువ. 1976 జులై 4న ఉగాండాలోని ఎంటెబె విమానాశ్రయంలో బందీలను విడిపించడానికి ఇజ్రాయెల్ కమాండోలు లోపలికొస్తూ పడుకోండని హీబ్రూలోనూ ఇంగ్లీషులోనూ అరిచారు. లేచి నిలబడ్డ 19 ఏళ్ళ కుర్రాడు కాపాడడానికొచ్చినవాళ్ళ తూటాలకే చనిపోయాడు. కాబట్టి మీ డాక్టరు పరుగెత్తకూడదు. చప్పుడు వినగానే నేలకు అతుక్కోవాలి, చేతులు ఖాళీగా కనిపించేలా చాపాలి.

విఫలమైన ప్రయత్నం ఒకటి ముందే పెట్టే ఆలోచన ఉంటే అది కూడా వార్తగా ఆమెకు అందకూడదు. 1980 ఏప్రిల్‌లో టెహ్రాన్‌లోని అమెరికన్ రాయబార కార్యాలయంలో పట్టుబడ్డ బందీల కోసం వచ్చిన అమెరికన్ దళం ఎడారిలోంచే వెనుదిరిగింది. ఆ తర్వాత బందీలను విడదీసి వేరే వేరే ఊళ్ళకు పంపేశారు. గదిలో ఉన్నవాళ్ళకు తెలిసేది కళ్ళకు గంతలు, రాత్రి ప్రయాణం, కొత్త మొహాలు, అంతే. మీ డాక్టరును అర్ధరాత్రి గది మార్చండి. ఎందుకు మార్చారో పాఠకుడికి తెలియాలి, ఆమెకు తెలియకూడదు. అందరూ నన్ను వదిలేశారని ఆమె గట్టిగా అనుకునే రాత్రి, అన్న ఆమెకు అన్నిటికంటే దగ్గరగా వచ్చిన రాత్రి, రెండూ ఒకటే కావాలి.

ఇక చివరి దృశ్యం. చీకట్లో అన్నాళ్ళుండి వచ్చిన మనిషికి వెలుతురు పడగానే కళ్ళు మూసుకుపోతాయి, మొహం కనిపించదు, గొంతు ఒక్కటే ఆధారం. తిండి లేక, కదలిక లేక ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరిగి పడుతుంది, ఆ సంగతి ఆమెకు తెలుసు కూడా. దొంగ వీడియో చూపించినవాళ్ళు దొంగ గొంతు వినిపించరని ఏముంది? మంచం కింద నుంచే ఒక ప్రశ్న అడగనివ్వండి, ఇద్దరికే తెలిసినది, ఎదురుమాట గారు చెప్పిన పద్దులోంచే.

అన్న మొదట తప్పు జవాబు చెప్పాలి. ఆమె తప్పుగా గుర్తుపెట్టుకున్న అంకె అదే కదా, ఆయన చెప్పేది నిజం, ఆమె ఆశించేది వేరు. ఆమె ఇంకా లోపలికి జరుగుతుంది. ఆయన అరుస్తూ ఆ రాత్రి ఏం జరిగిందో మొత్తం చెప్పాలి, ఆమెకు తెలియని సగంతో సహా. అది చెబుతున్నంతసేపూ బయట కాల్పులు ఆపకండి.